ఈయేటి పూత

"పేగుపూత మానిపోయిందమ్మా" అన్నాడు డాక్టరు, కంప్యూటర్ తెరను ఆమె వైపు తిప్పుతూ.

తెర మీద గులాబీ రంగులో, నున్నగా, తడితడిగా ఏదో కనిపిస్తోంది. అది తన పెద్దపేగే అంటే ప్రవీణ నమ్మలేకపోయింది. పోయినసారి కెమెరా వేసి చూసినప్పుడు అదే చోట ఎర్రటి పుండ్లు, రక్తం. అప్పుడు చూడలేక మొహం తిప్పేసుకుంది. ఇప్పుడేమో కుర్చీలోంచి ముందుకు వంగి, ముక్కు తెరకు తగిలేంత దగ్గరగా చూసింది. తన కడుపు లోపల ఇంత ముచ్చటగా ఉంటుందని ఎవరు చెప్పినా నమ్మేది కాదు.

ఆ జబ్బుకు నోరు తిరగని ఇంగ్లిషు పేరొకటి ఉంది. జగిత్యాల నుంచి సిరిసిల్ల దాకా జనానికి మాత్రం అది పేగుపూతే. ఇంట్లో అయితే అంత మాట కూడా ఎందుకని ఉత్త 'పూత' అనేస్తారు. పూత వచ్చిందంటే రక్తం పడుతుంది, కడుపు మెలిపెడుతుంది, ముద్ద నోట్లో ఉండగానే లేచి పరుగెత్తాలి. పూత తగ్గిందంటే మనిషి మనిషిలా ఉంటుంది.

"సార్, మా బిడ్డను తెచ్చుకోవచ్చా?" అంది ప్రవీణ.

డాక్టరు మాస్కు పైనుంచి ఆమెను చూశాడు. కారం తినొచ్చా, గోలీలు ఆపొచ్చా అని అడుగుతుందనుకున్నాడు కాబోలు.

"ఎక్కడుంది పాప?"

"సిరిసిల్లల, మా అమ్మ కాడ. మొదటి లాక్‌డౌన్ల తోల్కపోయింది. పూత పోయినంక పంపుత అన్నది."

"నిక్షేపంగా తెచ్చుకో. అయితే విను. మానిపోయిందంటే ఇక ఎప్పటికీ రాదని కాదు. మళ్లీ రావచ్చు. బాగుంది కదా అని గోలీలు మానావంటే తప్పక వస్తుంది. ఆ గోలీలు వేసుకున్నన్నాళ్లూ ఒంట్లో కాపలా తక్కువ. బయట మూడో వేవ్ నడుస్తోంది. జ్వరం వస్తే నీ అంతట నువ్వు ఏదీ మింగకుండా ముందు నాకు ఫోన్ చెయ్యి. పాపకు జలుబు చేస్తే రెండు రోజులు మాస్కు పెట్టుకుని చూసుకో. అంతే. దానికోసం పిల్లను ఊరు దాటించక్కర్లేదు."

చివరి మాట ఒక్కటి రాసిచ్చుంటే ప్రవీణ దాన్ని పటం కట్టించుకునేది. దవాఖానా మెట్లు దిగుతూనే తల్లికి ఫోన్ చేసింది. సత్తవ్వ ఎత్తలేదు. సాంచెలకు, అంటే మరమగ్గాలకు, నూలు కండెలు చుట్టే మనిషి, ఆ మోటారు రొదలో ఫోన్ ఎక్కడ వినిపిస్తుంది! ఇంకోసారి చేసింది. మూడోసారి చేసేలోపు ఫోన్ చార్జింగ్ అయిపోయి నల్లబడింది. పోనీలే, ఇంత మంచి మాట ఇంకాసేపు కడుపులో ఉంటే కడుపుకే మంచిది అనుకుని కోరుట్ల బస్సెక్కింది.

జగిత్యాల, కోరుట్ల రోడ్డును ఊళ్ల పేర్లతో కాకుండా పాయిఖానాలతో గుర్తుపెట్టుకున్న మనిషి ప్రవీణ. పెట్రోలు బంకు వెనకాలది బాగుంటుంది, తాళం వేసి ఉంటే లోపలికి వెళ్లి అడగాలి. ఫంక్షన్ హాలు వాచ్‌మన్ భార్య మంచిది, ఏమీ అడక్కుండా పోనిస్తుంది. ఆ తర్వాత చాలా దూరం ఏమీ లేదు, అక్కడ కళ్లు మూసుకుని దేవుణ్ని తలుచుకోవాలి. అలా ఈ బస్సులో కిటికీలోంచి బయటకు చూస్తూ ఎంత దూరం వెళ్లినా ఆమె చూసేది ఒక్కటే.

ఇవాళ పెట్రోలు బంకు దాటిపోయింది, ఆమె చూసుకోలేదు. నాట్లు వేస్తున్న ఆడవాళ్లను చూసింది. బురదలో బోర్లాపడ్డ ఒకామెను చూసి మిగతావాళ్లు నవ్వుతుంటే, మాస్కు లోపల తనూ నవ్వింది. కండక్టరు కోరుట్ల అని కేక వేసేదాకా ఆ దారిలో ఫంక్షన్ హాలు ఒకటుందనే సంగతే గుర్తు రాలేదు.

కోరుట్ల నుంచి ఊరికి ఆటో. ఊరి చివర వాళ్ల ఇల్లు, ఇంటి వెనక మామిడి తోట. తోట వాళ్లది కాదు. ప్రవీణ మొగుడు గంగాప్రసాద్ దాన్ని గుత్తకు పట్టాడు. ఈ ఏడు చలి బాగా పట్టింది. చెట్లు ఆకు కనబడకుండా పూశాయి. పూతకు పురుగు పట్టకుండా ఇవాళే మందు కొట్టించాలని, ట్రాక్టరు మళ్లీ దొరకదని, భార్యతో దవాఖానాకు రాలేక పొద్దున్న నుంచి గిలగిల్లాడుతున్నాడు.

ఆమె తోటలోకి అడుగుపెట్టేసరికి ట్రాక్టరు మీది డ్రమ్ము దగ్గర మోటారు చెవులు చిల్లులు పడేలా మోగుతోంది. గంగాప్రసాద్ ఒక చెవిలో వేలు పెట్టుకుని, ఇంకో చెవికి ఫోన్ నొక్కుకుని అరుస్తున్నాడు.

"ఆఁ, చెప్పు అత్తమ్మ! పూతనా? పూత మస్తున్నది! గిన్నేండ్లల్ల గింత పూత సూడలే! కింది నుంచి మీది దాక సందు లేదు!... ఏంది, ట్రాక్టరా? ఆఁ, ట్రాక్టర్ అచ్చింది, మందు కొట్టిపిస్తున్న! రెండు డ్రమ్ములు అయిపోయినయ్, ఇంకో డ్రమ్ము వడ్తది!... భయం ఎందుకు అత్తమ్మ? గీ పూత గిట్లనే నిలవాలెనని కొండగట్టు అంజన్నకు మొక్కిన! హలో? హలో!"

ఫోన్ వంక ఒకసారి చూసి జేబులో వేసుకున్నాడు.

"మీ అమ్మ. పూత గురించి అడిగింది. మంచిది, అల్లుని యవుసం గురించి గూడ జర ఫికర్ చేస్తున్నది" అన్నాడు ప్రవీణతో, ఎంతో సంబరంగా.

మామూలు రోజైతే ప్రవీణ అక్కడే ఆగేది. సత్తవ్వకు మామిడి తోటల మీద ఇంత ధ్యాస ఎప్పటినుంచి అని అడిగేది. కానీ ఇవాళ ఆమె చెవులు ఆమె దగ్గర లేవు.

"మోటర్ బంజెయ్యి" అంది.

"ఏమైంది?"

"బంజెయ్యి, చెప్త."

మోటారు ఆగింది. తోటంతా ఒక్కసారిగా తేనెటీగల రొద వినిపించింది. ప్రవీణ చెప్పింది. సగం చెప్పగానే అతను కూలబడ్డాడు, మిగతా సగం నేల మీద కూర్చునే విన్నాడు. తల నుంచి కాళ్ల దాకా మందు జల్లు పడి ఉన్నాడు. ముట్టుకోబోతే "దూరం, దూరం! మందు!" అని తనే వెనక్కి జరిగాడు. రెండేళ్లుగా ఆ ఇంట్లో అందరూ అందరికీ దూరం దూరం అనడమే. కానీ ఈసారి ఇద్దరికీ పట్టలేనంత నవ్వొచ్చింది.

సాయంత్రం ఫోన్ చార్జింగ్‌కు పెట్టిందో లేదో సిరిసిల్ల నుంచి మోగింది.

"అమ్మా! పొద్దటి నుంచి..."

"నువ్వేం చెప్పకు బిడ్డ." సత్తవ్వ గొంతు పూడుకుపోయి ఉంది. "అల్లుడు అంత చెప్పిండు. నాకెరుకే. ఎల్లుండి పోరిని తోల్కొని నేనే అస్తున్న."

"నిజంగనా అమ్మా?"

"నిజమే. నువ్వు జర ధైర్యంగ ఉండు" అని సత్తవ్వ వెక్కివెక్కి ఏడ్చింది.

ప్రవీణ కూడా ఏడ్చింది. సంతోషమొస్తే ఈ మనిషి ఇంతే, ఎప్పుడూ ఏడుపే అనుకుంది. ఒకరి ఏడుపు ఇంకొకరి ఏడుపుకు ఎంత బాగా అతికిందంటే, ఫోన్ పెట్టేశాక కూడా ఇద్దరిలో ఎవరికీ అనుమానం రాలేదు.

మర్నాడు పొద్దున్నే ప్రవీణ ఇల్లంతా తిరగేసింది. దుప్పట్లు ఎండలో వేసింది. హన్సిక మూడేళ్లప్పటి గౌను ఒకటి బీరువాలో అడుగున ఉంటే తీసి చూసి, ఇప్పుడు ఐదేళ్ల పిల్లకు చెయ్యి కూడా పట్టదని తెలిసి, అయినా మడతపెట్టి పైన పెట్టింది. ఈ రెండేళ్లలో పిల్లను ఎన్నిసార్లు అడిగిందో! సత్తవ్వ ఎన్నడూ లేదనలేదు. 'పూత పోనీ బిడ్డ' అనేది. పూత కాస్త తగ్గితే రెండో వేవ్ వచ్చేది. వేవ్ తగ్గితే పిల్లకు పడిశం పట్టేది. పడిశం తగ్గితే మళ్లీ పూత వచ్చేది. కరోనాకైనా వేవ్‌కూ వేవ్‌కూ మధ్య తీరిక ఉందిగానీ, సత్తవ్వ సాకులకు లేదు. ఆ సాకులన్నీ తన మేలు కోరేవే కావడంతో ప్రవీణకు కోపం తెచ్చుకునే వీలు కూడా లేకపోయింది. రాత్రిళ్లు ఫోన్లో పిల్ల మొహం చూసి, ఆరిపోయిన తెర మీద తన మొహం చూసుకుని పడుకునేది.

ఇవాళ మాత్రం వాకిట్లో కూర్చుని బీడీల చాట ఒళ్లో పెట్టుకుంది. తడిపిన తునికాకును కత్తెరతో కత్తిరించడం, చిటికెడు తంబాకు పరిచి వేళ్లతో చుట్టడం, దారంతో ముడివేసి బీడీ మూతి గోటితో లోపలికి నొక్కడం. ఇన్నాళ్లూ కట్టలో సగం కాకముందే లేచి పరుగెత్తడం అలవాటు. చేతులు కడుక్కుని వచ్చేసరికి ఆకు ఎండిపోయేది. ఇవాళ ఆకు ఎండక ముందే చేతులు పని పూర్తిచేస్తుంటే ఆమెకే ఆశ్చర్యమేసింది.

ఆశా కార్యకర్త రాజక్క గేటు బయటే నిలబడి పిలిచింది. ఇంటింటికీ జ్వరాల సర్వే.

"ప్రవీణా, జరం ఉన్నదా? దగ్గు? మోషన్స్?" అని, తనే నాలిక కరుచుకుంది. "నీకు మోషన్స్ ఎప్పటియే కదనే, ఎందుకడిగిన. ఉన్నయని చెప్తే పై ఆఫీసరోళ్లు కరోనా అనుకుంటరు, లెవ్వని చెప్తే అబద్ధం. నీతోని నాకు ఎప్పుడూ పరేషానే."

"లెవ్వక్కా."

"ఏంది?"

"మోషన్స్ లెవ్వక్కా. నిజంగనే లెవ్వు."

రాజక్క మాస్కు కిందికి లాగి ఆమె మొహంలోకి చూసింది. "మల్లొకపారి చెప్పు."

"లెవ్వు!" అని ప్రవీణ వీధి వీధంతా వినపడేలా అరిచింది. ఎదురింటి ముసలాయన ఉలిక్కిపడి లేచి ఏం లేవని అడిగాడు. రాజక్క చీర కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది.

ఆ మరుసటి రోజు సిరిసిల్ల నుంచి వేములవాడ మీదుగా కోరుట్లకు వచ్చి, అక్కడినుంచి ఆటోలో దిగారు సత్తవ్వ, హన్సిక. సత్తవ్వ ఒకదాని మీద ఒకటి రెండు మాస్కులు పెట్టుకుంది. పైనున్న కళ్లు వాచి ఉన్నాయి. చంకలో ఒక పెద్ద సంచి, చేతిలో ఒక చిన్న సంచి. అమ్మమ్మ కొంగు పట్టుకుని హన్సిక. ఫోన్లో కనిపించిన దానికంటే పొడుగ్గా ఉంది, రెండు పిలకలు వేసుకుంది.

ప్రవీణ ఉరికింది. సత్తవ్వ సంచులు కింద పడేసి ముందు తనే కూతుర్ని కావలించుకుని భోరుమంది. "బక్కగైనవు బిడ్డ" అని వీపు తడిమింది. ప్రవీణ ఈమధ్య నాలుగు కిలోలు పెరిగింది. జాకెట్ల కుట్లు విప్పుకుంటోంది. అయినా తల్లి కంటికి పిల్లలు బక్కగానే కనిపిస్తారులే అని ఊరుకుంది.

"మమ్మీ" అంది హన్సిక. దగ్గరకు రాలేదు. ముట్టుకోవచ్చో లేదో తెలియక చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడింది. ఇదివరకు వచ్చినప్పుడల్లా దూరం నుంచే చూపించి తీసుకెళ్లేవాళ్లు. 

"రాండ్రి, తోటల కూసుందం. గాలి మంచిగ ఆడుతది" అంటూ గంగాప్రసాద్ కుర్చీలు పట్టుకొచ్చి చెట్ల కింద వేశాడు. అత్తగారు కూర్చోకముందే చెయ్యెత్తి చూపించాడు. "ఫోన్ల చెప్పిన గదా అత్తమ్మ, గిదే పూత! సూడు!"

సత్తవ్వ చూడలేదు. కూతురినే చూస్తోంది. చిన్న సంచిలోంచి దానిమ్మ తొక్కల పొడి తీసింది. "మజ్జిగల కలుపుకొని తాగు. అయినా బిడ్డ, డ్రమ్ములకు డ్రమ్ములు మందు ఎట్ల తాగినవే? గా డాక్టర్ మనిషేనా?"

"ఏం డ్రమ్ములమ్మా?" అంది ప్రవీణ.

"దాయకు బిడ్డ. నాకు అల్లుడు చెప్పిండు. ఇగ అల్లుడా, నిన్నొక మాట అడుగుత. నా బిడ్డకు గా పూత నిలవాలెనని అంజన్నకు మొక్కుతవా? నువ్వు మొగనివా, పగోనివా?"

గంగాప్రసాద్ నోరు తెరిచాడు. మూసే లోపల, పక్కనుంచి టపటపా చప్పుడు వినిపించింది.

హన్సిక ఎక్కడో దొరికిన కట్టె పట్టుకుని, నేల దాకా వంగిన మామిడి కొమ్మను చితకబాదుతోంది. పసుపుపచ్చటి పూత జలజలా రాలి పిలకల మీద, భుజాల మీద పడుతోంది. పిల్ల పళ్లు బిగబట్టి, రెండు చేతులూ ఎత్తి, ఒక్కో దెబ్బకూ ఒక్కో మాట అంటోంది. "పో! పో! పూత పో!"

"ఏయ్! ఏయ్ హన్సికా!" గంగాప్రసాద్ గుండె బాదుకుంటూ పరిగెత్తాడు. ఏడాది కష్టమది. కట్టె పట్టుకున్నాడు. పిల్ల వదల్లేదు. కట్టెతో పాటే వేలాడింది.

"ఇడువు డాడీ! నేను కొడ్త! ఇంక ఉన్నది!"

"ఎందుకే కొడ్తున్నవు? పూత రాలితే కాయ ఎట్ల కాస్తదే?"

"పూత పోతేనే మమ్మీ కాడ ఉండుడని అమ్మమ్మ అన్నది! నువ్వే చెప్పినవు గదా, గిదే పూత అని!" హన్సిక మొహం కందిపోయింది. కళ్లనిండా నీళ్లు. "నేను మొత్తం కొడ్త. మొత్తం పోతది. అప్పుడు నేను ఈడ్నే ఉంట."

 గంగాప్రసాద్ చెయ్యి కట్టె మీంచి దానంతటదే జారిపోయింది.

సత్తవ్వ మెల్లగా తల పైకెత్తింది. వచ్చినప్పటినుంచి మొదటిసారి ఆ చెట్లను చూసింది. కొమ్మ కొమ్మకూ గుత్తులు, కింది నుంచి మీది దాకా సందు లేదు. పక్కనే మొన్నటి ట్రాక్టరు చక్రాల జాడలు, మందు కలిపిన నీలం డ్రమ్ము.

"గీ పూతనా?" అంది.

"మరే పూత అత్తమ్మ?" అన్నాడు గంగాప్రసాద్.

"నేను నా బిడ్డ పూత అడిగిన గదరా అయ్యా! డాక్టర్ ఏమన్నడని అడిగిన గదరా!"

"నువ్వు ట్రాక్టర్ అన్నవు గదా!"

ప్రవీణకు అప్పుడు తెలిసింది. నవ్వు కడుపులోంచి తన్నుకొచ్చింది. ఇదివరకైతే అలా నవ్వాలంటే భయం, కడుపు కదిలితే ఏమవుతుందోనని. ఇప్పుడు కుర్చీ పట్టుకుని, నేల మీద కూర్చుని, పొట్ట పట్టుకుని నవ్వింది. "నాకు పోయిందమ్మా! పూత పోయింది! కెమెరా ఏసి సూపిచ్చిండు, అద్దం లెక్కున్నది లోపల! మొన్నటి సంది గదే చెప్పాలనుకుంటున్న, నువ్వు చెప్పనిస్తివా!"

సత్తవ్వ రెండు మాస్కులూ పీకేసి నవ్వింది, ఏడ్చింది, అల్లుణ్ని తిట్టింది, ఆ డ్రమ్మును తిట్టింది. సాంచెల కాడ నలుగురికి చెప్పి ఏడ్చొచ్చానే, ఇప్పుడు వాళ్లకు ఏ మొహంతో చెప్పనని నెత్తి కొట్టుకుంది.

నవ్వి నవ్వి అలిసిపోయాక ప్రవీణకు ఒక సంగతి తట్టింది.

"మరి నాకు పూత ముదిరిందనుకుంటివి గదా. పోరిని ఎందుకు తెచ్చినవమ్మా? దూరం నుంచి సూపిచ్చి తోల్కపోదామనా?"

సత్తవ్వ నవ్వు ఆగిపోయింది. పెద్ద సంచిని కాలితో ముందుకు జరిపింది. ప్రవీణ దాని జిప్పు లాగింది. హన్సిక గౌన్లు, చలికోటు, పలక, వంకర కన్ను బొమ్మ, దువ్వెన, తాగే గ్లాసు. సిరిసిల్ల ఇంట్లో పిల్లకు సంబంధించినది ఒక్కటి కూడా మిగల్చకుండా మడతపెట్టి సర్ది ఉన్నాయి.

"పూత పోయినంక ఇస్త అంటివి" అంది ప్రవీణ.

"అంటి." సత్తవ్వ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నిజం చెప్తున్న బిడ్డ. పోయిందని నువ్వు చెప్తే, గీ ఒమిక్రాన్ పోనీ అందును. అది పోతే ఇంకోటి అందును. పోరికి నేను అలవాటైన, నాకు పోరి అలవాటైంది. ఇడ్సబుద్ధి కాలే. మొన్న అల్లుడు ఫోన్ల అట్ల చెప్పంగనే గుండె దడ్డుమన్నది. గా పూత ఎన్నటికీ పోకుంటే ఎట్ల అనిపిచ్చింది. పోకుంటే, దాని బిడ్డ దానికి కాకుంట పోవాల్నా? పొద్దుందాక కండెలు చుట్టుకుంట గదే అనుకున్న. ఇంటికి పోయి సంచి సదిరిన."

ప్రవీణ సంచిలోంచి ఒక గౌను పైకి తీసింది. రెండేళ్ల కోపం ఇప్పుడొచ్చింది, వీలు దొరికాక. అంతలోనే, తాను బాగుపడ్డాననే మాట వినకముందే సర్దుకొచ్చిన ఆ గౌన్లను చూస్తే ఆ కోపం నిలవడానికి చోటు దొరకలేదు. తల్లి ఒళ్లో తల పెట్టింది. సత్తవ్వ చెయ్యి దారాల కోతలతో గరుకుగా ఆమె జుట్టులోకి వెళ్లింది.

హన్సికకు ఇవేవీ పట్టలేదు. కట్టె పట్టుకునే నిలబడి ఉంది. పెద్దవాళ్లు ఎందుకు నవ్వారో తెలియదు, ఎందుకు ఏడుస్తున్నారో తెలియదు. తాను రాల్చిన పూతను కింద చూసుకుంది. మూడు కొమ్మలంత కూడా లేదు. తలెత్తి తోట చివరిదాకా చూసింది. చెట్టు వెనక చెట్టు, అన్నీ పసుపే.

"అమ్మమ్మా" అంది, చిన్న గొంతుతో. "గింత ఉన్నది. నాతోని కాదు. మరి నేను ఉండచ్చా?"

సత్తవ్వ కూతురి తల మీంచి చెయ్యి తీయకుండానే మనవరాలి వైపు తిరిగింది.

"ఉండచ్చు బిడ్డ. పూత ఉన్నా ఉండచ్చు."

హన్సిక అమ్మమ్మ మొహం చూసింది. అబద్ధం కాదని నిర్ధారించుకున్నాక కట్టె కింద పడేసి, వచ్చి ప్రవీణ భుజం పట్టుకుని కుదిపింది.

"మమ్మీ, లే. ఆకలైతంది."